నాలుగు వేళ్ళ ఎత్తు

శనివారం పొద్దున కాఫీ తాగుతూ డ్రాయింగు మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి కారుకి ముందువైపు స్ట్రట్లు రెండు కొనడం, మధ్యాహ్నానికల్లా బిగించుకోవడం, నాలుగున్నరకు నాన్నను ఎక్కించుకుని బస్సు డిపోకి బయల్దేరడం. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పంతా మూడు రోజుల ముందు భోజనాల దగ్గరే జరిగిపోయింది.

డిపో మూసేస్తున్నారు. శనివారం సాయంత్రం సరిగ్గా ఐదింటికి ఆఖరి బస్సు గేటు దాటుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడ బస్సు నడిపిన మాస్టారి నాన్న, ఆ పెద్దాయనే, ఇప్పుడున్న పాత డ్రైవర్లందరికీ పెద్ద. ఆ బస్సుకు తాళం తిప్పి స్టార్టు చేసే గౌరవం ఆయనదేనని కబురొచ్చింది. ఆ సంబరంలో పెద్దాయన ఆ పూట కూరలో ఉప్పు లేదన్న సంగతి కూడా కనిపెట్టలేదు.

"ఓ ట్యాక్సీ మాట్లాడరా," అన్నాడు కొడుకుతో.

"ట్యాక్సీ ఎందుకు నాన్నా, మన కారుంది కదా."

ఆ మాటతో అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్ళ కిందట, కుర్రతనంలో, మాస్టారు ఆ కారుకి ఉన్న స్ప్రింగులు పీకించి పొట్టివి వేయించాడు. కారు నాలుగు వేళ్ళ ఎత్తు తగ్గింది. బొమ్మలు గీసేవాడి కంటికి దాని గీత అప్పుడే కుదిరిందట. పెద్దాయన దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఇది ఎక్కడం కాదురా, నూతిలోకి దిగడం," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ అందులో కాలు పెట్టలేదు. తండ్రి మోకాళ్ళు అరిగాయి, కొడుకు జుట్టు పలచబడింది, కారు మాత్రం కిందనే ఉండిపోయింది. మాస్టారికి అది లోపల ఎక్కడో ముల్లులా ఉండేది. మార్పిద్దామని ఏటా అనుకునేవాడు, ఏటా వాయిదా వేసేవాడు.

"ఎత్తు మళ్ళీ పెంచించేశాను నాన్నా," అనేశాడు ఆ రాత్రి.

"ఎప్పుడు?"

"మొన్నే."

పెద్దాయన మజ్జిగ పోసుకున్నాడు. "అయితే సరే, నీ కారులోనే వస్తాను," అన్నాడు.

అలా నోరు జారిన పాపానికి శనివారం తొమ్మిదింటికి మాస్టారు స్పేర్ పార్ట్స్ కొట్టు ముందు నిలబడ్డాడు. స్ప్రింగు నడుమ నిలబడి కుదుపునంతా మింగేసే గొట్టాన్నే స్ట్రట్టు అంటారు. మాస్టారి కారులో అవి ఎప్పుడో చేతులెత్తేశాయి. రోడ్డు మీద రూపాయి బిళ్ళ పడున్నా నడుముకి తెలిసిపోయేది.

"కారు మామూలుదా, ఎత్తు తగ్గించిందా?" అడిగాడు కొట్టాయన. "తగ్గించినదైతే పొట్టివి వేరే వస్తాయి. రేటు రెండింతలు. అదీ ఆర్డరు పెడితే వారానికి."

మాస్టారి బుర్రలో మెరుపు మెరిసింది. పొట్టి స్ప్రింగుతో కారు కిందికి దిగిందంటే, పొడుగు స్ట్రట్టుతో పైకి లేవాలి కదా. చవక, కుదుపూ పోతుంది, అబద్ధమూ నిజమైపోతుంది. ఒక్క దెబ్బకు మూడు పిట్టలు.

"మామూలుదే," అన్నాడు గంభీరంగా.

పక్క షెడ్డులోని మెకానిక్ ఆ పొడుగాటి గొట్టాన్ని చేత్తో పట్టుకుని ఒకసారి కారుకేసి, ఒకసారి మాస్టారికేసి చూశాడు. "సార్, ఇది మీ స్ప్రింగుకి..."

"నాకు తెలుసులేవయ్యా, బిగించు."

మెకానిక్ బిగించాడు. తెలుసన్నవాడికి చెప్పడం అతని వృత్తిలో లేదు. జాకీ దించగానే కారు యథాప్రకారం నాలుగు వేళ్ళు కిందికి కూర్చుంది. మాస్టారు వంగి చూశాడు, మోకరిల్లి చూశాడు, కొలబద్ద పెట్టి చూశాడు.

"లేవలేదేం?"

"ఎత్తు స్ప్రింగుది సార్. స్ట్రట్టుది కాదు," అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ.

ఇంటికి తిరిగొస్తుంటే మొదటి గుంటలోనే ఠంగుమని మోత. చక్రం గుంటలోకి దిగినప్పుడల్లా పొట్టి స్ప్రింగు వదులైపోయి, మళ్ళీ కూర్చునేటప్పుడు సుత్తితో కొట్టినట్టు కొడుతోంది. ఫోను చేస్తే మెకానిక్, "బరువుంటే స్ప్రింగు వదులవదు సార్," అన్నాడు. అతని ఉద్దేశం, నలుగురు కూర్చుంటే కాస్త నయమని. మాస్టారు మాత్రం స్కూల్లో బొమ్మలు చేయించడానికి తెచ్చిపెట్టుకున్న బంకమన్ను బస్తాలు నాలుగూ ముందు సీట్ల వెనక సర్దేశాడు. కారు ఇంకో రెండు వేళ్ళు దిగింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట.

"ఎత్తు పెంచారన్నారుగా?" అంది భార్య గుమ్మంలో నిలబడి.

"కొత్తవి కదా, సర్దుకోవడానికి టైం పడుతుంది."

ఆవిడ నమ్మింది. నమ్మి ఊరుకోకుండా, అవి సర్దుకునేదాకా మామగారికి ఇబ్బంది కాకూడదని సీటు మీద మూడు దిళ్ళు పేర్చింది. నాలుగున్నరకు పెద్దాయన ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. మోకాలు పట్టుకుని, తలుపు పట్టుకుని, కోడలి భుజం పట్టుకుని లోపలికి దిగాడు. దిళ్ళ మీద కూర్చునేసరికి తల కారు కప్పుకి ఆనింది. మెడ ఓ పక్కకు వాల్చి, "పోనీరా," అన్నాడు.

వీధి చివర స్పీడ్ బ్రేకరు ఉంది. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. స్ప్రింగు ఠంగుమంది, అదీ మామూలు ఠంగు కాదు. ఎదురుగా వస్తున్న గ్యాసు బండి డ్రైవరు తన సిలిండరే పేలిందనుకుని, బండిని వీధికి అడ్డంగా ఆపేసి దూకి పారిపోయాడు. అదే క్షణంలో మాస్టారి కారు పొట్ట స్పీడ్ బ్రేకరు మీద ఆనుకుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. వెనకాల అరడజను బళ్ళు, వాటి హారన్లు. గ్యాసు లీకైందని ఎవరో అనడంతో పక్కింటావిడ పొయ్యి ఆర్పి, పైవాటాలో వాళ్ళందర్నీ వీధిలోకి దించింది.

టైము ఐదుకి పావు తక్కువ.

"మామయ్యా, అలా మెయిన్ రోడ్డు దాకా నడిస్తే ట్యాక్సీ దొరుకుతుంది, మీరు వెళ్ళండి," అంది చప్పుడుకి ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చిన కోడలు. "ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం."

పెద్దాయన నెమ్మదిగా కిందికి దిగాడు. వీధి అటు చూశాడు, ఇటు చూశాడు. "బండిని దారికడ్డంగా వదిలేసి డ్రైవరు పోడమ్మా."

"నడిపింది మీరు కాదుగా."

"మనింటి బండే కదా."

ఇక ఆయన మాటకు ఎదురు చెప్పిన వాళ్ళు లేరు. బస్తాలు దించండి అన్నాడు, దించారు. ఇంట్లోంచి డ్రాయింగు బల్లలు తెప్పించి చక్రాల కింద పెట్టించాడు. పారిపోయిన గ్యాసు బండివాణ్ణి వెతికించి, బుజ్జగించి, బండి పక్కకు తీయించాడు. చివరికి దిళ్ళు మూడూ కోడలి చేతికిచ్చి స్టీరింగు ముందు తనే కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఎక్కనన్న కారుకి తాళం తిప్పాడు. కారు ఒక్కసారి మూలిగి, బల్లలు రెండూ ఫెళ్ళుమనిపించి, గట్టెక్కింది. వీధిలో అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు వాచీ చూసుకున్నాడు. సరిగ్గా ఐదు.

ఐదుంపావుకి డిపో నుంచి ఫోను వచ్చింది. పది నిమిషాలు చూశారట, ఇంకెవరో తాళం తిప్పేశారట. "పోన్లే, బస్సు టైముకి పోవాలి," అన్నాడు పెద్దాయన ఫోనులో.

ఇంటికొచ్చాక మాస్టారు తండ్రి ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"స్ప్రింగులు మార్చలేదు కదూ?" పెద్దాయనే అడిగాడు.

"లేదు నాన్నా. నీకెప్పుడు తెలిసింది?"

"కారు చూడగానే. అన్నేళ్ళు బళ్ళు నడిపినవాడికి ఆ మాత్రం తెలీదురా?"

"మరి ఎందుకు ఎక్కావు నాన్నా? మళ్ళీ ఒక్కసారి ట్యాక్సీ అంటే పిలిచేవాణ్ణి కదా."

"ఇన్నేళ్ళకి నువ్వు రమ్మన్నావు. కాదంటే మళ్ళీ పిలుస్తావో లేదోనని."

పెద్దాయన మాట మార్చడానికన్నట్టు అటకకేసి చూపించి, మూలనున్న గోనెసంచి దింపమన్నాడు. సంచిలో పాత గుడ్డల్లో చుట్టి, గ్రీజు పూసి, నాలుగు స్ప్రింగులున్నాయి. ఆ కారువే. పద్దెనిమిదేళ్ళ కిందట మెకానిక్ పాత ఇనుములో పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాడట. ఏడాదికోసారి గ్రీజు కూడా పూశాడట.

"ఒక్కసారైనా చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు అడుగుతావేమోనని చూశాన్రా."

ఆదివారం పొద్దున మెకానిక్ ఆ స్ప్రింగులు బిగించాడు. అవి వేశాక మాస్టారు తెలివితక్కువగా కొన్న పొడుగు స్ట్రట్లు అందులో అచ్చంగా అమరాయి. కారు నాలుగు వేళ్ళు లేచింది. మోత లేదు, కుదుపు లేదు. పెద్దాయన ఎవరి భుజమూ పట్టుకోకుండా ఎక్కి, ముందు సీట్లో మెడ నిటారుగా కూర్చున్నాడు. దారిలో స్పీడ్ బ్రేకరు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు.

డిపో గేటుకు తాళం వేసుంది. ఊచల్లోంచి చూస్తే ఆవరణంతా ఖాళీ, నేల మీద బస్సులు నిలిచిన చోట నూనె మరకలు. పెద్దాయన కూర్చున్నచోటే కారు అద్దం దించాడు.

"చూశావా," అన్నాడు కొడుకుతో, "ఈ ఎత్తునుంచి గేటు అవతలిదాకా కనిపిస్తోంది."