రిబ్బన్ కట్టిన సిలిండర్

సిరిసిల్లలోని మా నేతకార్మికుల వాడను అగ్నిప్రమాద రహిత ఆదర్శ వాడగా తీర్చిదిద్దినట్టు కౌన్సిలర్ ప్రేమ్‌సాగర్ గారు ఆదివారం పొద్దున్నే మైకులో ప్రకటించారు. తీర్చిదిద్దే కార్యక్రమం పదకొండింటికి ఉంటుందన్నారు.

పిల్లలకు ఫైరింజన్ బొమ్మల పోటీ, మాకు ఫైరింజన్ ముగ్గుల పోటీ, ముసలివాళ్లకు ఉపన్యాసం. ఏ వయసునూ వదల్లేదు. నా ముగ్గుకు రెండో బహుమతి వచ్చింది. నిచ్చెన పొట్టిదైందట.

నీడ కోసం స్టేజీని సత్యవ్వ మరమగ్గాల షెడ్డుకు, అంటే మా మాటలో సాంచల షెడ్డుకు, ఆనించి వేశారు. ఆ షెడ్డుకున్నది ఒక్కటే తలుపు.

"కొడుకా, నా తలుపుకడ్డం ఏసిన్రు. లోపల సాంచలు, నూలు ఉన్నయి. నేనెట్ల పోవాలె?"

"గంట సేపే అవ్వా! మీ సేఫ్టీ కోసమే కదనే గిదంతా!" అన్నారు కౌన్సిలర్ గారు.

సత్యవ్వ వంగి స్టేజీ కింది నుంచే లోపలికి పోయింది. సాంచల చప్పుడు మొదలైంది.

స్టేజీ మీద మంటలార్పే ఎర్ర సిలిండర్. పసుపు, కుంకుమ, పూలదండ, పైన రిబ్బన్. కత్తిరించాల్సిన ముఖ్య అతిథి కోరుట్లలో ఇంకో శాలువా దగ్గర ఆగిపోయారు. కౌన్సిలర్ గారికి ఖాళీగా ఉండటం తెలియదు. సిలిండర్‌కు కర్పూర హారతి ఇచ్చారు. కర్పూరం జారి స్టేజీకి కట్టిన గుడ్డ అంటుకుంది.

"సార్, సిలిండర్ ఇటియ్యున్రి!" అని ఫైర్ ఆఫీసర్ ఏసయ్య గారు ఉరికి వచ్చారు.

కౌన్సిలర్ గారు దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. "ఆగయ్యా, రిబ్బన్ కట్ కాలే!"

"లోపల సత్యవ్వ ఉన్నది!" అని అరిచాను.

"ఓపిక పట్టమనున్రి వదినా. సార్ తొవ్వల ఉన్నడు."

సాంచల చప్పుడులో సత్యవ్వకు ఏదీ వినిపించలేదు. అతిథుల కోసం గులాబీ షర్బత్ కలుపుతున్న జమీలాబీ బకెట్ ఎత్తి మంట మీద కుమ్మరించింది. మంట ఆరింది.

"గిట్ల జేస్తివేంది జమీలాబీ? సార్ వచ్చి ఏం తాగుతడు?" అని కౌన్సిలర్ గారు ఎంతో బాధపడ్డారు.

ముఖ్య అతిథి సార్ వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు. "ప్రతి షెడ్డుకు బయటికి పోయే తొవ్వ ఖాళీగ ఉండాలె," అన్నారు. చప్పట్లు మోగాయి. నిండు ప్రశాంతతతో ప్రమాదాన్ని ఎదుర్కొన్నందుకు కౌన్సిలర్ గారికి శాలువా కప్పారు. తర్వాత ఉత్తమ భద్రతా షెడ్డు బహుమతికి సత్యవ్వను పిలిచారు.

కరెంటు పోయి సాంచలు ఆగాయి కాబట్టి ఆమెకు వినిపించింది. స్టేజీ కింది నుంచి ముందు చెయ్యి వచ్చింది, తర్వాత తల. జుట్టంతా గులాబీ రంగు. సార్ స్టేజీ మీదే మోకాళ్ల మీద వంగి శాలువా కప్పారు. ఫోటో బాగా వచ్చింది.

"స్టేజీ ఎప్పుడు తీస్తరు కొడుకా?"

"తీసుడెందుకవ్వా? ఎల్లుండి రోడ్డు సేఫ్టీ ప్రోగ్రాం గీడనే!"

సత్యవ్వ శాలువా మడిచి చంకలో పెట్టుకుని మళ్లీ కిందికి దూరింది. కౌన్సిలర్ గారి మనిషి సిలిండర్‌కు కొత్త రిబ్బన్ కట్టి కారెక్కించాడు. మూడింటికి ఎల్లంతకుంటలో సభ ఉందట.

జమీలాబీ బకెట్ కడిగి, నీళ్లు నింపి, స్టేజీ పక్కన పెట్టి వచ్చింది.