కృష్ణయ్య మెడలో పన్నెండు

దున్నపోతులను ముస్తాబు చేసి వీధుల్లో తిప్పే సదర్ పండుగకు ఎనిమిది రోజులుంది. కృష్ణయ్య పొద్దున్నే గేదెల పాలు పితికి, మెడ స్కానింగ్‌కు బయల్దేరాడు. గౌలిపురలో ముప్పై ఏళ్లుగా దున్నపోతు తాడు పట్టేది ఆయనే. అరవై రెండేళ్లు వచ్చాయి, ఇక తనకు వదలమని తమ్ముడు వేణుగోపాల్ అడుగుతున్నాడు.

"రక్తనాళం మంచిగున్నదని కాయితం తే. లేకుంటె తాడు ముట్టకు," అంది భార్య మాణిక్యమ్మ.

స్కానింగ్ సెంటర్లో పరీక్షలు చేసే రాహేలు ఆయన మెడకు జెల్ రాసి పరికరం ఆనించింది. రక్తనాళం గోడ ఎంత సాగుతుందో, అందులో కొవ్వు ఎక్కడుందో, సున్నం ఎక్కడ పేరుకుందో ఆ యంత్రం ధ్వని తరంగాలతో పసిగడుతుంది. కాగితం మీద పన్నెండు అని వచ్చింది. కింద, కొవ్వు ఉందని వచ్చింది.

"సాయంత్రం డాక్టర్ సార్‌కు చూపించుకో బాపూ," అంది రాహేలు.

కృష్ణయ్య ఆగలేదు. పాలలో కొవ్వు అంకె ఎంత పెరిగితే అంత మంచి పాలు. నలభై ఏళ్లుగా ఆయన అంకెలు చదివింది ఆ పద్ధతిలోనే.

"పన్నెండొచ్చింది! కొవ్వు గూడ ఉన్నదట!" అని బస్తీ అంతా చెప్పాడు.

మరునాడు వేణుగోపాల్ వెళ్లాడు. తొమ్మిది వచ్చింది.

"గింతేనా తమ్మీ? నీళ్లు కలిపినవా ఏంది?"

వేణుగోపాల్ గ్లాసెడు నెయ్యి తాగి మళ్లీ వెళ్లాడు. అతన్ని చూసి ఇంకో తొమ్మిది మంది నెయ్యి తాగి వరుస కట్టారు. లొల్లి పెరిగింది. బస్తీ పెద్దలు కూర్చుని, ఎవరి రక్తనాళం బాగుందని యంత్రం తేలుస్తుందో తాడు వారిదేనని తీర్మానించారు. ఆ తీర్మానానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది కృష్ణయ్య.

ఆరో రోజు సెంటర్లో పదకొండు మంది మగవాళ్లు పోగయ్యారు. వేణుగోపాల్‌కు మళ్లీ తొమ్మిదే వచ్చింది.

"మిషన్ ఖరాబైంది!" అని అరిచాడు.

మొగుణ్ని వెతుక్కుంటూ అప్పుడే వచ్చిన మాణిక్యమ్మను, మిషన్ బాగానే ఉందని చూపడానికి రాహేలు పడుకోబెట్టి పరికరం ఆనించింది. ఆరు.

"ఆరేనా వదినే!" అని వేణుగోపాల్ నవ్వాడు. అందరూ నవ్వారు.

"ఎందుకు నవ్వుతున్నరు?" అంది రాహేలు. "రక్తనాళం గోడ గట్టిపడి బిర్రుగైతె నాడి జోరుగ ఉరుకుతది, అంకె పెరుగుతది. ఎంత తక్కువుంటె అంత మంచిది. బాపూ, అందరికంటె ఖరాబు నీదే. ఇయ్యాలనే గోళీలు మొదలుపెట్టాలె."

నవ్వు ఆగింది. నెయ్యి తాగినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మరి తాడు?" అన్నాడు కృష్ణయ్య.

"ముందుగాల చెయ్యెత్తింది నువ్వే గదనే అన్నా," అన్నాడు వేణుగోపాల్.

సదర్ నాడు తాడు మాణిక్యమ్మ పట్టింది. దున్నపోతు ఆమె చెప్పినట్టే నడిచింది. కృష్ణయ్య కూడా.