రేపటి కుళాయి

ఆ పొద్దున్న దర్జీ మనసులో ఉన్నది ఒక్కటే. కోటు తొడిగి చూసుకోవడానికి రచయితగారు ఇంటికి వస్తున్నారు. ఆయన రాసిన పుస్తకం మీద ఆయన చేతే సంతకం పెట్టించుకోవాలి.

పాత కాగితాల కొట్లో దొరికిన పుస్తకం అది. అందులో, రేపో మాపో రాబోయే కాలంలో కుళాయిలు ఎండిపోతాయి, మనుషులు తలుపులు మూసుకుంటారు. రాజులూ రాక్షసులూ లేరు. మిషను దారం మార్చే సందుల్లో చదివాడు దర్జీ. అప్పట్నుంచి కుళాయి తిప్పితే నీళ్ళు పడేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఇంట్లో ఉన్న కుళాయితోనే తనను వణికించిన ఆ మనిషంటే అతనికి వల్లమాలిన గౌరవం.

"ఆయనుండగా నీళ్ళు ఆగితే పరువు పోతుంది. ఓ బిందె పట్టి ఉంచనా?"

"పట్టండి, ఎవరొద్దన్నారు?" అంది భార్య ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి.

అటక మీది బిందె దించి, దుమ్ము దులపడానికి వరండాలోకి వచ్చాడు. ఎదురింటి పిన్నిగారు చూసింది.

"పొద్దున్నే బిందె దిగిందేం నాయనా?"

"నీళ్ళు ఆగిపోతాయేమోనని. రచయితగారు రాశారు," అన్నాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి. పుస్తకంలో అని చెప్పలేదు.

పిన్నిగారు పై అంతస్తుకు ఎక్కి, "నీళ్ళు ఆగిపోతాయట, పెద్దాయనెవరో రాసిచ్చాడట" అంది. వాళ్ళు ఆ పైవాళ్ళకు "వారం దాకా రావట" అన్నారు. మేడంతా తిరిగి మళ్ళీ పిన్నిగారి చెవిలో పడేసరికి అది "ఎవరికీ చుక్క ఇవ్వొద్దన్నాడట" అయింది. బకెట్లు, డ్రమ్ములు, కుక్కర్లు, చివరికి పూలకుండీలు కూడా నిండాయి.

ఇవేవీ తెలియని దర్జీ, బిందె నింపకుండానే పక్కన పెట్టి కోటుకు ఆఖరి గుండీ కుడుతున్నాడు. రచయిత ముందే వచ్చేశాడు. దుమ్ములో వచ్చానంటూ ముఖం కడుక్కోవడానికి వెళ్ళాడు. సబ్బు పట్టించాక కుళాయి ఓసారి గురక పెట్టి ఊరుకుంది.

"ఏమండీ, నీళ్ళు ఆగిపోయాయి!" అని కేకేశాడు రచయిత.

దర్జీకి ఒళ్ళు గగుర్పొడిచింది. భక్తిగా లేచి నిలబడ్డాడు. "అచ్చం మీరు రాసినట్టేనండీ!"

"రాశాను సరే, కళ్ళు మండిపోతున్నాయి!"

దర్జీ పరుగున వెళ్ళి ఎదురు తలుపు తట్టాడు. రచయిత గోడ తడుముకుంటూ వెనకే వచ్చాడు. గొలుసు తియ్యకుండానే పిన్నిగారు తొంగి చూసింది.

"ఒక్క చెంబు, పిన్నిగారూ. రచయితగారి కోసం."

"ఎవరికీ ఇవ్వొద్దన్నది ఆ రచయితేనటగా!"

"నేనలా అనలేదమ్మా!" అన్నాడు రచయిత నురగలోంచి.

"మధ్యలో నువ్వెవరు బాబూ?" తలుపు మూసుకుంది.

రచయిత మెట్ల మీద చతికిలబడ్డాడు. "కథ ఆఖర్న పక్కింటావిడ తలుపు తీసి నీళ్ళిస్తుంది. చదివారా?"

"నా పుస్తకంలో ఆ పేజీలు లేవండీ."

"అదొక్కటే నమ్మబుద్ధి కావట్లేదన్నారు, చదివినవాళ్ళంతా."

దర్జీ తలుపులు మూసుకోవడమే ముగింపని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ భయాన్నే గౌరవించాడు.

"ఇద్దరూ అక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు? ఇస్త్రీకి పెట్టుకున్న నీళ్ళున్నాయిగా!" అంటూ భార్య గిన్నెతో వచ్చింది. ఆ పుస్తకం ఆవిడ ఒక్క పేజీ కూడా చదవలేదు. అలవాటు కొద్దీ ముందు నాలుగు చుక్కలు రచయిత ముఖాన చిలకరించి, నాలుక్కరుచుకుని గిన్నె చేతికిచ్చింది.

ముఖం తుడుచుకున్నాక రచయిత పుస్తకం అడిగాడు. పేజీలు ఊడిపోయిన చోట, అట్ట లోపలివైపు, "తరువాత ఆవిడ నీళ్ళు తెచ్చింది" అని రాసి సంతకం పెట్టాడు.

అంతలో మేడ మీది ట్యాంకు ఖాళీ అయిందని కింద వాచ్‌మన్ మోటారు వేశాడు. అన్ని కుళాయిలూ ఒక్కసారే బుస్సుమన్నాయి. దర్జీ ఇంట్లో తప్ప, మేడ మొత్తంలో ఖాళీ బిందె లేదు.