బల్ల మీద మోదుగు కషాయం

ఆ ఆదివారం ఆదాము పెట్టుకున్న పని ఒక్కటే: గుడిలో మొదటి నుంచి చివరి దాకా లేవకుండా కూర్చోవడం.

కూర్చుంటే సంఘపెద్ద అవుతాడు. పాస్టర్ జస్టిన్ ముందే చెప్పాడు. "ఆదామన్నా, ప్రసంగం నడుమ లేచి ఉరికేటోణ్ని పెద్దను జేస్తే జనం నవ్వరా?"

ఆదాము ఉరికేది భక్తి చాలక కాదు. ప్రొస్టేట్ గ్రంథికి చాలాకాలంగా వాపు; మాటిమాటికీ మూత్రానికి పోవాలి. డాక్టరు రాసిన మాత్రలు వేడి చేస్తాయని మానేసి, దుమ్ముగూడెం నాటువైద్యుడు బొజ్జయ్య దగ్గర మోదుగు పూలు, పల్లేరు కాయల కషాయం తెచ్చుకున్నాడు.

"చెంచాడు చాలన్నా. లోపలున్నదంత కడిగి బయట పారేస్తది," అన్నాడు బొజ్జయ్య.

భార్య విశ్రాంతమ్మకు ఈ సంగతి తెలియదు. ఆమె తమ్ముడు ఒకనాడు "ఇప్పుడే వస్త" అని గోదావరి దాటి మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఎవరు గడప దాటినా ఆమె ప్రార్థన చేసి సాగనంపుతుంది. మొగుడు పెరట్లోకి పోయినా, "పైలం, జల్దీ రా," అంటుంది. జబ్బు పేరు వింటే సమాధికి చోటు వెతుకుతుందని ఆదాము భయం.

అందుకే కషాయాన్ని పాత షర్బత్ సీసాలో పోసి వంటింట్లో దాచాడు. ప్రభు బల్లలో అందరికీ పంచడానికి విశ్రాంతమ్మ ఎండు ద్రాక్ష ఉడికించి తీసిన రసం కూడా అలాంటి సీసాలోనే ఉంది. పొద్దున్నే ఆదాము చెంచాడు తాగాడు. తియ్యగా ఉంది. బొజ్జయ్య తేనె కలిపాడనుకుని మురిసిపోయాడు. రెండో సీసాను విశ్రాంతమ్మ గుడికి పట్టుకెళ్లింది.

గుడిలో చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకుని తిరిగే పని ఆదాముదే. మొదట తాగిన పాస్టర్ ముఖం ముడుచుకుపోయింది.

"శ్రమల పాత్ర చేదుగనే ఉంటది," అని ఆయన సర్దిచెప్పాడు. జనం కళ్లు మూసుకుని మింగారు. చివరి బెంచీలో విశ్రాంతమ్మ దగ్గరికి చేరేసరికి గ్లాసులు అయిపోయాయి; ఆమెకూ తనకూ మిగల్లేదు. ఖాళీ పళ్లెం నుంచి వచ్చిన వాసన ఆదాముకు బాగా తెలిసిందే. ఏం చేయాలో తోచక భార్య పక్కనే కూలబడ్డాడు.

ప్రసంగం రెండో అంశానికి రాగానే పాటలు పాడించే గ్రేస్ లేచింది. వెనుకే ఇద్దరు, ఆ వెనుక ఒక బెంచీ మొత్తం. పాస్టర్ కాళ్లు మెలిపెట్టుకుని, "కండ్లు మూసుకొని మనసులో ప్రార్థించుండ్రి. ఎవ్వలు తెరవొద్దు," అని తానూ మాయమయ్యాడు.

చాలాసేపటికి విశ్రాంతమ్మ కళ్లు తెరిచింది. గుడి ఖాళీ. గుమ్మంలో చెప్పులన్నీ వరుసగా అలాగే ఉన్నాయి.

"ఓ దేవా! అందరు ఎత్తబడి పరలోకం పోయిండ్రు! మనిద్దర్నే ఇడిశిపెట్టిండయ్యా!" అని మొగుణ్ని కావలించుకుని ఘొల్లుమంది.

"పరలోకం గాదే, దొడ్డి కాడికి పోయిండ్రు," అంటూ ఆదాము జబ్బు దగ్గర నుంచి సీసా దాకా అంతా చెప్పేశాడు.

విశ్రాంతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అయితే ఇన్నొద్దులు నువ్వు ఉరికింది జబ్బుకా, మందుకా?"

ఈ పూట మాత్రం తాను ఒక్కసారి కూడా లేవలేదని ఆదాముకు అప్పుడే గుర్తొచ్చింది.

"రేపే డాక్టరు కాడికి పోదాం. నేను గూడ వస్త," అందామె. "సాగనంపే పని తప్పుద్ది."

అప్పుడే పాస్టర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కన్నీళ్లతో ఒకరినొకరు పట్టుకున్న దంపతులను చూసి కరిగిపోయాడు.

"సంఘమంత లేచిపోయినా నిలవడ్డది మీరే! నువ్వే మా పెద్దవు అన్నా!"

సంఘపెద్దగా ఆదాము చేయించిన మొదటి పని, గుడి వెనుక ఇంకో మూడు మరుగుదొడ్లు.