కత్తి పట్టిన పిల్ల ఓడిపోవచ్చునా?

పిల్లల పుస్తకాల్లో కత్తియుద్ధం అచ్చం కత్తియుద్ధంలా ఉండకూడదు. ఉంటే పిల్లలు పాడైపోతారు. ఈ మాట గుండెల మీద చెయ్యేసుకుని చెబుతున్నాను.

నవ్వకండి! మీరు చిన్నప్పుడు చదివినవి ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. హీరో ఎక్కడ పోట్లాడతాడు? మెట్ల మీద. విద్య ఎవరు నేర్పుతారు? ఎవరితోనూ పొసగక ఒంటరిగా బతికే ఒంటికన్ను ముసలాయన. ఎన్నాళ్ళు నేర్పుతాడు? ఒక్క అధ్యాయం! అందులోనూ సగం పేజీలు ముసలాయన గతానికే సరిపోతాయి.

ఇక కోటలో భటులున్నారే, వాళ్ళంత మర్యాదస్థులు లోకంలో ఉండరు. ఒకడు పడిపోయేదాకా రెండోవాడు ఓపిగ్గా తన వంతు కోసం నిలబడతాడు. బ్యాంకులో మనం అలా నిలబడతామా? విలనైతే కత్తి తిప్పుతూనే తన కుట్రంతా ఆయాసం లేకుండా వివరిస్తాడు. రెండంతస్తులు ఎక్కితే మనకి ఫోన్లో "హలో" అనడానికే ఊపిరి చాలదు!

ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టడానికి ఒక రచయిత్రి బయల్దేరింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. తప్పెవరిదో మీరే తేల్చండి.

ఈవిడ పిల్లలకి పుస్తకాలు రాస్తుంది. మాట్లాడే ఉడతలు, దారి తప్పిన గొడుగులు, అలాంటివి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఈవిడ అక్కకి పధ్నాలుగేళ్ళ కూతురుంది. పొడుగు కాళ్ళు, ఉన్నచోట ఉండని ఒళ్ళు. అందుకని ఇంటిల్లిపాదీ "మిడత" అంటారు. ఆ మిడత ఫెన్సింగ్ క్లాసులో చేరింది. సంగతి విని ఒక చుట్టం, "ఫెన్సింగా? ముళ్ళతీగా, ఇనపజాలీనా?" అని అడిగాడట. కంచె కాదండీ బాబూ, కత్తి!

అక్కకి ఆఫీసు. కాబట్టి మిడతని స్కూటర్ మీద దింపి, మళ్ళీ తీసుకొచ్చే పని పిన్నిది. మొదట్లో పిన్ని హాల్లో గోడవార బల్ల మీద కూర్చుని తన ఉడతల గొడవేదో తను రాసుకునేది. పోనుపోను పెన్ను పక్కన పెట్టేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది.

చూడ్డానికి అక్కడేముంది? రేకుల కప్పు కింద పొడవాటి హాలు. చెమటా రబ్బరూ కలిసిన వాసన. నేల మీద సన్నటి బాటలు గీసి ఉంటాయి. పోరంతా ఆ బాటలోనే, పక్కకి తప్పుకోవడానికి లేదు. మొహానికి జాలీ మాస్కు, వీపు వెనక నుంచి తీగ. కత్తి మొన ఒంటి మీద ఎక్కడ తగిలినా కుయ్యిమని మోత, ఒక లైటు. అంతే! దానికోసం నెలల తరబడి మోకాళ్ళు వంచి ముందుకీ వెనక్కీ నడవాలి. కోచ్ ఒక గట్టి మనిషి. విజిల్ ఉంది గానీ, ఆవిడ గొంతు ముందు దానికి పనే ఉండదు.

"మోకాలు! మోకాలు వంచమ్మా! ఇవాళ దానికి సెలవిచ్చావా?"

ఇలా ఉండగా ఒక పోటీలో మిడత సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఆటలో చాలాసేపు తనదే పైచేయి. చివర్లో అవతలి పిల్ల పుంజుకుంది. స్కోరు సమానమైంది. ఆఖరి పాయింటుకి మిడత ఎగిరి దూకింది. ఆ పిల్ల చటుక్కున వంగి కిందనుంచి పొడిచింది. లైటు అటువైపు వెలిగింది.

మిడత మాస్కు తీసి, చెయ్యి కలిపి, తిన్నగా బాత్రూముకి వెళ్ళింది. పిన్ని వెనకే వెళ్ళి తలుపు బయట నిలబడింది. లోపల కుళాయి ధారగా పోతోంది. ఆ చప్పుడు చాటున వెక్కిళ్ళు. తలుపు తట్టాలా వద్దా అని పిన్ని చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉంది. కాసేపటికి కుళాయి ఆగింది. తడిమొహంతో మిడత బయటికొచ్చింది.

"ఇంటికెళ్ళిపోదామా, బంగారం?"

"అప్పుడేనా? ఫైనల్ చూడొద్దూ?"

చూసింది. తనని ఓడించిన పిల్లకే చప్పట్లు కొట్టింది. ఆట అయ్యాక ఆ పిల్ల దగ్గరికి పోయి, "నన్ను కింద నుంచి పొడిచావే, అది ఎలాగో చూపించవా?" అంది. ఇద్దరూ ఖాళీ చేతుల్ని కత్తుల్లా చాపి, ఒకరి బొజ్జ ఒకరు పొడుచుకుంటూ పకపకా నవ్వుతుంటే, పెద్దవాళ్ళు పిలిచి పిలిచి అలిసిపోయారు.

పిన్ని ఊరుకుంటుందా? ఇదంతా నవలగా రాసేసింది. తడిమొహంతో సహా!

ఇక్కడే మన సంపాదకుడు రంగంలోకి దిగాడు. దూరదృష్టి ఉన్న మనిషి. ప్రచురణ సంస్థలో పిల్లల పుస్తకాలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్తాయి.

"మేడమ్, నవల బ్రహ్మాండం! ఒకటే చిక్కు. అమ్మాయి ఓడిపోయింది."

"అవునండీ, ఓడిపోయింది."

"ఎందుకూ?"

"అవతలమ్మాయి బాగా ఆడింది."

"అదే, మీరెందుకు ఆడనిచ్చారు? పెన్ను మీ చేతిలోనే ఉంది కదా!"

ఎంత సూక్ష్మంగా పట్టుకున్నాడో చూశారా? అంతటితో ఆగలేదు. తనే ప్రూఫుల్లో మార్పులు చేసి పంపాడు. అమ్మాయి గెలిచింది. అవతలి పిల్ల దొంగాట ఆడి పట్టుబడింది. మెట్లు వచ్చాయి. ఎర్రటి అంగీ ఒకటి గాలికి ఎగిరింది. మాస్కు ఎగిరిపోయింది. "మొహం కనపడకపోతే కవర్ మీద ఏం వేస్తాం మేడమ్? అయినా పుస్తకం కొనిచ్చేది తల్లిదండ్రులు. ఓడిపోయే పిల్ల కథ ఏ తల్లి కొనిస్తుంది?"

నిజమే కదా అనుకుంది పిన్ని. ఉడతల పుస్తకాలన్నీ అచ్చువేసింది ఆయనే మరి. ఆ ప్రూఫులు మిడత చేతిలో పెట్టింది. మిడత సోఫాలో కాళ్ళు ముడుచుకుని చదివింది. చివరికొచ్చేసరికి మొహం మారిపోయింది.

"పిన్నీ, ఇందులో నేను గెలిచానేంటి?"

"కథ కదే."

"ఆ అమ్మాయి దొంగాట ఆడిందని ఉంది. తను అలాంటిది కాదు." కాసేపు కాగితాల అంచులు సర్దింది. "నేను ఓడిపోయానని నీకు నామోషీగా ఉందా?"

 తెల్లారగానే పిన్ని సంపాదకుడికి ఫోన్ చేసింది. "చివరి అధ్యాయం నేను రాసినట్టే ఉండాలి. కుదరదంటే నవల వెనక్కిచ్చేయండి."

సంపాదకుడు కంగారుపడ్డాడు. కవర్ ఫోటో వంకతో స్వయంగా హాలుకి వచ్చాడు, మెల్లగా నచ్చజెబుదామని. రాగానే, "పాపా, మాస్కు తీసి కత్తి పట్టుకోమ్మా, జుట్టు కొంచెం ఎగరాలి" అన్నాడు.

"మాస్కు లేకుండా ఇక్కడ ఎవరూ కత్తి ముట్టరు," అంది కోచ్. "గెలవాలి గెలవాలి అంటున్నది మీరేనట కదా? రండి, ఒక ఆట ఆడి వెళ్ళండి."

ఆటకి తొడుక్కునే దళసరి జాకెట్టు జిప్పు ఆయన పొట్ట దగ్గర మొరాయించింది. ఇద్దరు పట్టి లాగితే పడింది. ఆట మొదలైంది. కుయ్యి! కుయ్యి! ఆయన కత్తి ఎత్తేలోపే మిడత పొడిచి వెనక్కి పోయేది. మాస్కులో ఆయన కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. ఇంకో పాయింటైతే ఆట ముగుస్తుందనగా ఆయన తూలి ముందుకి పడబోయాడు. కత్తి మొన వెళ్ళి మిడత బూటు మీద గుచ్చుకుంది. ఆయన లైటు వెలిగింది!

"తగిలింది! చూశారా? నా లైటే! నా లైటే!" అని ఆ పెద్దమనిషి గెంతాడు. తర్వాతి క్షణంలోనే పొడుపు తిని చిత్తుగా ఓడిపోయాడు. మిడత చెయ్యి చాపింది. ఆయన రొప్పుతూ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకో ఆట ఆడదామా, పాపా?"

"ఓడిపోయారు కదండీ, ఇంకా ఎందుకూ?" అంది పిన్ని.

 ఆయన వీపు వెనక తీగ విప్పుకుంటూ, "సరే మేడమ్, మీరు రాసినట్టే వేద్దాం" అని గొణిగాడు.

అలా ఆ నవల ఓటమితోనే అచ్చయింది. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను!

ఫలితం అప్పుడే కనిపిస్తోంది. మా కింది వాటాలో ఒక అమ్మాయి ఆ పుస్తకం చదివింది. మొన్న వ్యాసరచన పోటీలో ఏ బహుమతీ రాలేదు. ఏడవాలా వద్దా? ఇంటికొచ్చి కడుపునిండా తిని, మొదటి బహుమతి వచ్చిన వ్యాసం ఎంత బాగుందో గంటసేపు చెప్పిందట. వాళ్ళమ్మ హడలిపోయి నా దగ్గరికొచ్చింది, "దీన్ని ఏ డాక్టరుకైనా చూపించమంటారా?" అని.

ఆలోచించండి. ర్యాంకులు, ట్యూషన్లు, గోడల నిండా ఫస్టొచ్చిన వాళ్ళ ఫోటోలు, "పక్కింటి వాణ్ణి చూసి సిగ్గు తెచ్చుకో" అనే మన పెంపకం! ఎంత కష్టపడి కట్టుకున్నాం ఇదంతా? ఓటమంటే భయం లేని పిల్లల్ని, అయ్యా, అమ్మా, ఇక మనం దేన్ని చూపించి బెదిరించాలి?