నాలుగో మంచం పేషెంటు

ఆ ఉదయం నైట్ డ్యూటీ దిగిన సీనియర్ నర్సు పెద్దక్క అనుకున్నది ఒకటే. మేట్రన్‌ను పట్టుకుని, డే డ్యూటీ అడిగి, ఇంటికి పోవాలి. రాత్రిళ్ళు ఇంట్లో అత్తగారు మంచం దిగబోయి పడిపోతున్నారు. ఇప్పటికే ఒక చెయ్యి విరిగింది. రెండోది విరిగేలోపు అడగాలి.

మేట్రన్ గది ఖాళీగా ఉంది. ఆయా పరుగున వచ్చింది.

"కొంప మునిగింది పెద్దక్కా! నర్సులు పరిశోధనలంటే ఎందుకు పారిపోతారో కనుక్కోవడానికి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో రికార్డరు కూడా ఉంది. మేట్రనమ్మ ఎటు పోయిందో ఏమో!"

పెద్దక్క గబగబా వార్డులోకి నడిచింది. పోయినసారి ఇలాగే ఎవరో అడిగితే మనుషులు చాలడం లేదని నిజం చెప్పింది. పేరు బయటికి రాదన్నారు. వారం తిరక్కుండా ఆమెను నైట్ డ్యూటీకి వేశారు.

వరండాలో చెప్పుల చప్పుడు దగ్గరైంది. నాలుగో మంచం పేషెంటు ఎక్స్‌రేకి వెళ్ళి ఉంది. పెద్దక్క ఆ మంచమెక్కి, యూనిఫాం కనిపించకుండా నిండా దుప్పటి కప్పుకుంది. ఐదో మంచం మీదా ఎవరో ముసుగుతన్ని ఉన్నారు.

అమ్మాయి వచ్చి పక్కనే స్టూలు మీద కూలబడింది.

"ఏంటండీ ఈ నర్సులు! నన్ను చూస్తే దెయ్యాన్ని చూసినట్టు జడుసుకుంటున్నారు. మీరు రోజూ చూస్తుంటారుగా, ఎందుకంటారు?"

నర్సుగా నోరు కుట్టేసుకున్న మనిషికి పేషెంటుగా మాట ఆగలేదు.

"ఎందుకు మాట్లాడతారమ్మా? ముప్ఫైమందికి ఇద్దరు నర్సులు. మంచినీళ్ళు తాగే తీరిక లేదు. విన్నవాళ్ళు వెళ్ళిపోతారు, చెప్పినవాళ్ళు దొరికిపోతారు. ఆ మేట్రన్ ఉందే, ఉత్త బండరాయి! నిజం చెప్పినవాళ్ళని వెతికి మరీ నైట్‌కి వేస్తుంది."

ఐదో మంచం దగ్గింది.

అంతలో చిన్న సిస్టర్ సూదితో వచ్చింది. "నాలుగో మంచం, ఇంజెక్షనమ్మా. పేరు చెప్పండి."

పేరు చెప్పించకుండా సూది పొడవకూడదని ఆ పిల్లకు నేర్పింది పెద్దక్కే. పేషెంటు పేరు చెబితే సూది దిగుతుంది. తన పేరు చెబితే రికార్డరులోకి దిగుతుంది. పెద్దక్క ఊపిరి బిగబట్టింది.

"అమ్మా? అమ్మా! అయ్యో, ఊపిరాడ్డం లేదు! డాక్టరుగారూ!"

"ఇప్పుడేగా మాట్లాడింది!" అమ్మాయి గొల్లుమంది. ఆయా ఏడుపందుకుంది. ఎమర్జెన్సీ ట్రాలీ గడగడమంటూ వచ్చింది. చిన్న సిస్టర్ రెండు చేతులూ దుప్పటి మీదుగా ఛాతీపై మోపింది. పక్కటెముకలు విరిగినా సరే, గట్టిగా నొక్కమని నేర్పింది కూడా పెద్దక్కే.

"ఆగవే! ముందు నాడి చూడు!"

ఐదో మంచం లేచి కూర్చుంది. మేట్రన్!

దుప్పటి మెడదాకా చుట్టుకునే వచ్చి, ముసుగు కొంచెం ఎత్తి చూసింది. పెద్దక్క ఊపిరి ఈసారి నిజంగానే ఆగింది. మేట్రన్ ముసుగు దించేసింది.

"ఏం కాలేదు. నిద్రపోతోంది."

చిన్న సిస్టర్ నోరు తెరిచింది. మేట్రన్ చూపు తగలగానే మూసింది.

"మీరూ పేషెంటేనా అండీ?" అంది అమ్మాయి.

"ఆఁ, బీపీ."

మేట్రన్ నాడి చూస్తున్నట్టు వంగి, పెద్దక్క చెవిలో గుసగుసలాడింది. "నేను బండరాయినా? ఇంకో నలుగుర్ని ఇమ్మని పైవాళ్ళని అడిగీ అడిగీ నా నోరు పడిపోయింది. అది ఈ పిల్లకి చెబితే నా కుర్చీ పోతుంది. రేపట్నించి డే డ్యూటీకి రా. నువ్వు నన్నిక్కడ చూళ్ళేదు."

ఆ ఆసుపత్రిలో నర్సులు ఒక్కరూ సహకరించలేదని, పేషెంట్లు మాత్రం మనసు విప్పి మాట్లాడారని పరిశోధనలో తేలింది.