అడ్వాన్సు మొక్కు

ఆదివారం పొద్దున్నే ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో కామేశం గారింటికి వెళ్ళి ఫారం రాయించుకోవాలని, తిరిగి వచ్చేటప్పుడు ఝపటాపూర్‌లో చేపలు కొనుక్కుని నిమ్‌పురాలో ఇల్లు చేరాలని జగ్గారావు అనుకున్నాడు. ఆ ఏడాది అతను అనుకున్నవాటిలో సవ్యంగా జరిగింది ఆ చేపల సంగతి ఒక్కటే.

జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో సుత్తి కొట్టే మనిషి. పోయిన చలికాలం ఒక ఇనుప దూలం జారి అతని కుడి మోకాలి మీద పడింది. తప్పు ఎవరిదీ కాదు, జారిందంతే. ఇప్పుడా మోకాలు వంగదు, కొలిమి దగ్గర నిలబడనివ్వదు. అలాంటి వాళ్ళకి అంగవైకల్యం ఫారం ఒకటి ఉంది. అది పాసైతే కొంత భత్యం ఇస్తారు, తేలిక పని కూడా చూపిస్తారు. సోంపేట అవతల ఒక లెవెల్ క్రాసింగుకు గేట్‌మన్ కావాలని జగ్గారావు చెవిన పడింది. ఆ గేటు పక్కన పడుకుంటే రాత్రంతా సముద్రం హోరు వినిపిస్తుంది.

అతను పుట్టింది ఆ హోరులోనే. ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో, యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకున్న చప్పుడుకి మెలకువ వచ్చి, అలలే అనుకునేవాడు. కొన్నేళ్ళకి ఆ భ్రమ కూడా పోయింది. చప్పుడు వింటే వ్యాగన్లే అని తెలిసిపోతోంది. జగ్గారావు దిగులల్లా అదే.

కామేశం టైమాఫీసు గుమాస్తా. వర్క్‌షాపులో ఏ మనిషిది ఏ టోకెన్ నంబరో అతనికి కంఠతా. తెలుగువాళ్ళ దరఖాస్తులన్నీ ఉచితంగా రాసిపెడతాడు, సలహాలు కూడా కలిపి ఇస్తాడు.

"ఏమేం పనులు చెయ్యలేవో చెప్పు," అన్నాడు పెన్ను తీసి.

"అన్నీ సేస్తాను బాబూ," అన్నాడు జగ్గారావు పౌరుషంగా.

"అన్నీ చేసేవాడికి ఈ ఫారం దేనికయ్యా? మెట్లెక్కగలవా?"

"మెల్లిగా ఎక్కుతాను."

ఎక్కలేడని రాశాడు కామేశం. "బరువు మొయ్యగలవా?"

"ఒకప్పుడైతే..."

మొయ్యలేడని రాశాడు. "ఎల్లుండి కాదు, పై మంగళవారం వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు హాజ్రా బాబు మీ ఇంటికి వచ్చి చూస్తాడు. అందాకా కాస్త బుద్ధిగా కుంటు," అని హెచ్చరించి పంపాడు.

ఇంటి దగ్గర జోగమ్మ చేపల సంచీ అందుకుంటూ అసలు సంగతి చెప్పింది. కాగితం పాసైతే మొగుడు అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని నిమ్‌పురా అంతా తిరుగుతాడని ఆవిడ ఎప్పుడో మొక్కుకుంది. మాతాపూజ ఈ శనివారమే. అది దాటితే మళ్ళీ ఏడాదికి గానీ మొక్కు తీర్చడం కుదరదు.

"అమ్మకి ఏడాది పాటు బాకీ పడతామేటి? ముందే సెల్లించేద్దాం," అంది.

"పనవ్వకుండానే మొక్కు సెల్లించడమేటే?"

"అడ్వాన్సు. పుచ్చుకున్నాక అమ్మకి మాత్రం మొగమాటం ఉండదేటి?"

"బరువు మొయ్యనేనని ఫారంలో రాసినారే."

"అది ఆఫీసుకి. ఇది అమ్మకి."

పక్క క్వార్టరు గణపతిరావు భుజం పట్టుకుని పక్కనే నడుస్తానని మాటిచ్చాడు. శనివారం సాయంత్రం ఘటం జగ్గారావు నెత్తికెక్కింది. వీధి మలుపు తిరిగేసరికి జనం ఒత్తిడికి గణపతిరావు భుజం వదిలేశాడు. జగ్గారావు ఎడమకాలు ఎగరేసి, కుడికాలు ఈడ్చి, మళ్ళీ ఎగరేసి నడిచాడు. డప్పులవాళ్ళు రెండు క్షణాలు చూసి ఆ కుంటుకి తగ్గట్టు దరువు మార్చారు. ఇక చూసేవాళ్ళకి అది కుంటులా ఎందుకుంటుంది?

"అమ్మ పూనింది," అన్నారెవరో.

ఆడవాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి అతని కాళ్ళ మీద గుమ్మరించారు. దారి జారుడైంది. పడిపోకుండా ఉండటానికి జగ్గారావు ఇంకా ఎగిరాడు. దరువు ఇంకా హెచ్చింది. మోకాలి నొప్పికి కళ్ళ నీళ్ళు కారుతుంటే అదీ అమ్మ మహిమే అన్నారు. పూనకం వచ్చిన మనిషిని అడగవలసినవి ఉంటాయి కదా, జనం దారి ఆపి వరస కట్టారు.

ఆ వరసలో మొదట నిలబడ్డవాడు హాజ్రా బాబు. భార్యాపిల్లలు హౌరాలో, తను ఇక్కడ మెస్సు కూడు. చేతులు జోడించి, "మా, నా బదలీ ఎప్పుడు? ఎక్కడికి?" అని బెంగాలీలో అడిగాడు. 'మా' అంటే వాళ్ళ భాషలో అమ్మ.

జగ్గారావుకి ఎదుట ఎవరున్నారో కనిపించలేదు. నెత్తిన బరువు, కాలిలో పోటు, నోట్లోకి వచ్చిన మాట ఒక్కటే.

"సంద్రం కాడికి ఎల్లిపోవాల. ఇంకేటీ వొద్దు."

"సముందర్ కే పాస్ జాయెగా, బాబూ," అని అప్పటికి మళ్ళీ పక్కకు చేరిన గణపతిరావు భక్తిగా తర్జుమా చేశాడు.

మంగళవారం హాజ్రా బాబు చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని నేల మీద కూర్చున్నాడు. జగ్గారావు మోకాలు చూపించబోతే కళ్ళు మూసుకుని దండం పెట్టాడు.

"వాపు సూడండి బాబూ. వొంగదు."

"ఈ కాలితో మా ఆడింది, దాదా. దీనికి లోపం ఉందని నేను రాయను. నాకూ పిల్లలున్నారు."

"అది ఆట కాదు బాబూ, కుంటు."

హాజ్రా బాబు జాలిగా నవ్వాడు. "మీకెలా తెలుస్తుంది? మా వచ్చినప్పుడు మనిషికి ఒళ్ళు తెలియదు కదా."

జగ్గారావు దిక్కుతోచక జోగమ్మ వైపు చూశాడు. అమ్మ రాలేదని ఎవరు చెప్తారు? ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. హాజ్రా బాబు 'నడవగలడు, బరువు మోయగలడు' అని రాశాడు. భక్తి ఆపుకోలేక పక్కనే 'అద్భుతంగా' అని చేర్చాడు.

కాగితం తిరిగొచ్చింది. "ఇన్నేళ్ళుగా ఫారాలు రాస్తున్నాను, అమ్మవారు ఎదురు సాక్ష్యం చెప్పిన కేసు ఇదే మొదలు," అన్నాడు కామేశం. గేటు ఇంకెవరికో ఇచ్చేశారని కూడా అతనే చెప్పాడు. మర్నాటి నుంచి జగ్గారావు మోకాలికి గుడ్డ చుట్టుకుని కొలిమి దగ్గరికే వెళ్ళాడు.

వానలు వెళ్ళాక ఒక సాయంత్రం హాజ్రా బాబు రసగుల్లాల కుండ పట్టుకుని వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"మా తన మాట తప్పలేదు, దాదా. బదలీ అయింది. సోంపేట."

ఆ ఊరి పేరు వెళ్ళనని ఏడ్చేవాడి నోట వినవలసి వస్తుందని జగ్గారావు ఎన్నడూ అనుకోలేదు. ఎంత దాచుకున్నా అసూయ కళ్ళలోకి వచ్చేసింది. తల వంచుకున్నాడు.

"అక్కడ ఏముంటుంది?" అని దీనంగా అడిగాడు హాజ్రా బాబు. "రాత్రంతా చప్పుడట కదా. నిద్ర పట్టదంటున్నారు."

"కిటికీ మాత్రం మూయకండి బాబూ," అన్నాడు జగ్గారావు. "మొదట్లో ఆ హోరుకి నిద్దర రాదు. అలవాటైనాక, అది వినకపోతే రాదు."

హాజ్రా బాబు అతని కాలికి ఆఖరిసారి దండం పెట్టి వెళ్ళిపోయాడు. యార్డులో వ్యాగన్లు గుద్దుకుంటున్నాయి. జగ్గారావు కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. వ్యాగన్లే.

జోగమ్మ రసగుల్లా ఒకటి గిన్నెలో వేసి అతని చేతికిచ్చింది.

"వచ్చే ఏడు మొక్కినప్పుడు," అంది, "అమ్మకి పేరూ టోకెన్ నంబరూ కూడా సెప్పాల."